బస్తీ నీళ్ళు, బస్తీ జబ్బులు: మీరే సర్వే చేయడం ఎలా

మీ గల్లీలో పిల్లలకు మళ్ళీ మోషన్లు మొదలయ్యాయి. నల్లా నీళ్ళు వాసనొస్తున్నాయని పక్కింటావిడ అంటోంది, ఎదురింటివాళ్ళూ అంటున్నారు. లైన్‌మన్‌ను అడిగితే "అందరికీ బాగానే వస్తున్నాయి కదమ్మా, మీ ఒక్కళ్ళకే ఎందుకట్లా?" అంటాడు. మాట అక్కడితో ఆగిపోతుంది. లెక్క ఆయన దగ్గరా లేదు, మన దగ్గరా లేదు.

ఆ లెక్కను బస్తీవాళ్ళే ఎలా తయారుచేసుకోవచ్చో చెప్పడానికి ఇది రాస్తున్నాను. పదిహేనేళ్ళుగా హైదరాబాద్ బస్తీల్లో, అప్పుడప్పుడు నల్లగొండ వైపు పల్లెల్లో, ఆశా వర్కర్లతో, కాలేజీ పిల్లలతో కలిసి ఇంటింటి సర్వేలు చేశాను. దీనికి పెద్ద చదువులు అక్కర్లేదు. నోటు పుస్తకాలు, ఆరేడుగురు మనుషులు, మూడు వారాల ఓపిక ఉంటే చాలు. ఒక్క ప్రశ్నను మాత్రం మొదటి రోజు నుంచి చివరి రోజు దాకా వదలకూడదు: ఎంతమందిలో ఎంతమంది?

1. ఒక్క సంగతే పట్టుకోండి

మొదటి మీటింగులో అందరూ అన్నీ చెబుతారు. చెత్త, దోమలు, కుక్కలు, కరెంటు తీగలు, మందు దుకాణం. అన్నీ నిజమే. అయినా సర్వేకు ఒక్కటే తీసుకోండి. "బస్తీ సమస్యలు" అని కాగితం మీద రాసుకుంటే నలభై ప్రశ్నలు తయారవుతాయి, నాలుగో ఇంటికే అడిగేవాళ్ళూ చెప్పేవాళ్ళూ అలసిపోతారు. "దిగువ గల్లీలో ఐదేళ్ళ లోపు పిల్లలకు విరేచనాలు ఎగువ గల్లీకంటే ఎక్కువా? ఎక్కువైతే నీళ్ళవల్లేనా?" అని రాసుకుంటే ఏం అడగాలో దానంతటదే తేలుతుంది.

ప్రశ్న ఎప్పుడూ పోలికతో ఉండాలి. ఈ గల్లీకీ ఆ గల్లీకీ, నల్లా తాగేవాళ్ళకూ బోరు తాగేవాళ్ళకూ, వానలకు ముందుకీ తర్వాతకీ. పోలిక లేని అంకె చూపిస్తే ఏ ఆఫీసరైనా "ఇది మామూలే" అనేయగలడు.

2. నల్లా వచ్చే వేళకు బస్తీ అంతా నడవండి

సర్వే కాగితాలు ముట్టుకోకముందే రెండు రోజులు నడవాలి. నల్లా తెల్లవారుజామున నాలుగున్నరకు వస్తుందంటే నాలుగింటికే అక్కడుండాలి. పదింటికి వెళ్తే నిండిన బిందెలు కనిపిస్తాయి తప్ప నీళ్ళ దారి కనిపించదు.

ఒక పెద్ద చార్టు మీద గల్లీలు గీసుకోండి. కొలతలు అడుగులతో వేసుకుంటే సరిపోతుంది. నీళ్ళు ఎటునుంచి వస్తాయో నీలంతో, మోరీ ఎటు పారుతుందో ఎర్రతో గీయండి. ఈ రెండు గీతలు ఎక్కడెక్కడ కలుస్తున్నాయో అక్కడ గుండ్రంగా చుట్టండి. మీ సర్వేకు గుండెకాయ ఆ చుట్టిన చోట్లే.

ఒకసారి నేను చూసిన చోటు ఇంకా కళ్ళముందే ఉంది. మోరీ మీద బండ పక్కకు జరిపితే, అర అంగుళం నల్లా పైపులు ఐదు ఆ మురుగులోంచే ఇళ్ళకు వెళ్తున్నాయి. ఒక పైపుకు అతుకు దగ్గర సైకిల్ ట్యూబు ముక్క చుట్టి, దారంతో బిగించి ఉంది. నీళ్ళు వస్తున్నంతసేపూ ఆ అతుకులోంచి సన్నగా బయటికి చిమ్ముతున్నాయి. అంటే మురుగు లోపలికి పోవడం లేదు, లోపలి ఒత్తిడే బయటికి తోస్తోంది. ఇంతలో వరసలో మూడిళ్ళవాళ్ళు మోటార్లు వేశారు. చిమ్మడం ఆగింది. కాసేపటికి అదే అతుకు దగ్గర మురుగు నీళ్ళలో చిన్న సుడి తిరగడం మొదలైంది. మోటారు పీల్చేసరికి పైపులో ఒత్తిడి పడిపోయింది, మోరీ నీళ్ళు అతుకులోంచి లోపలికి పోతున్నాయి. పైప్‌లైన్ ఇరవై నాలుగ్గంటలూ నిండుగా ఉంటే ఇలా జరగదు. రోజు విడిచి రోజు గంటసేపు నీళ్ళొచ్చే చోట సప్లై ఆగిన ప్రతిసారీ, మోటారు పీల్చిన ప్రతిసారీ ఇదే జరుగుతుంది.

మోటారు పెట్టినవాళ్ళను దొంగల్లా చూడకండి. ఒత్తిడి లేకే పెట్టుకున్నారు. ఎన్నిళ్ళకు మోటార్లున్నాయో రాసుకోండి, ఎవరివో రాయకండి.

పాత పేర్లూ అడగండి. హైదరాబాద్‌లో మాసాబ్ ట్యాంక్ పేరులో ఉన్న చెరువు ఇప్పుడు నేలమీద లేదు. నల్లకుంటలో కుంట అన్న మాట అలాగే మిగిలింది. మీ బస్తీ పేరులోనో పక్క వీధి పేరులోనో కుంట, చెరువు, కట్ట, వాగు లాంటి మాట ఉంటే, ఆ నేల ఒకప్పుడు నీళ్ళు నిలిచిన చోటు కావచ్చు. వానొస్తే మురుగు అటే తిరిగొస్తుంది. డెబ్బై ఏళ్ళ పెద్దమ్మను కూర్చోబెట్టుకుని "మీరొచ్చినప్పుడు ఇక్కడేముండేది?" అని అడిగితే మ్యాపులో లేనివి దొరుకుతాయి. గూగుల్ ఎర్త్‌లో పాత ఏళ్ళ చిత్రాలు, ఇస్రో వారి భువన్ కూడా ఉచితంగానే చూడొచ్చు.

3. ఏ ఇళ్ళు తీసుకోవాలి

రెండు వందల యాభై ఇళ్ళ లోపు బస్తీ అయితే ఆలోచించకుండా అన్నిళ్ళకూ వెళ్ళండి. అంతకు మించితే ఎంచుకోవాలి. పన్నెండు వందల ఇళ్ళున్నాయి, రెండు వందలు చేయగలరు అనుకుందాం. అంటే ఆరిళ్ళకు ఒక ఇల్లు. ఒకటి నుంచి ఆరు దాకా చీటీలు వేసి ఒకటి తీయండి. మూడొస్తే మూడో ఇంటితో మొదలుపెట్టి 9, 15, 21 అలా ఆరేసి చొప్పున వెళ్ళాలి. ఒకే కప్పు కింద మూడు పొయ్యిలుంటే మూడు కుటుంబాలుగా లెక్క. మేడ మీద కిరాయికి ఉన్నవాళ్ళను, వెనక రేకుల గదిలో ఉన్నవాళ్ళను మరవకండి. కిరాయిదార్లు లెక్కలోంచి జారిపోవడం చాలాసార్లు చూశాను.

ఇక్కడ నేను చేసిన తప్పొకటి చెప్పాలి. నా మొదటి సర్వేలో పదకొండింటికి ఇళ్ళకు వెళ్ళేవాళ్ళం. తాళం ఉంటే పక్కింటికి వెళ్ళిపోయేవాళ్ళం. లెక్కలన్నీ అయ్యాక చూస్తే జబ్బులు ఊహించినదానికంటే తక్కువ. సంతోషించాం కూడా. తర్వాత ఒక ఆశా వర్కర్ అడిగింది: "సార్, తాళాలున్న ఇళ్ళు ఎవరివో తెలుసా?" అవన్నీ అడ్డా కూలీలవి, ఇళ్ళలో పనిచేసేవాళ్ళవి. పొద్దున్నే ఆరింటికి పిల్లల్ని కూడా వెంటబెట్టుకుని పోయేవాళ్ళు. ఎవరి పిల్లలకు జబ్బు ఎక్కువో సరిగ్గా వాళ్ళనే వదిలేశాం. మళ్ళీ సాయంత్రం ఏడు తర్వాత, ఆదివారం పొద్దున వెళ్ళి ఆ ఇళ్ళు చేసేసరికి బొమ్మ మారిపోయింది.

అందుకని నియమం పెట్టుకోండి. తాళం ఉన్న ఇంటికి మూడుసార్లు, మూడు వేర్వేరు వేళల్లో వెళ్ళాలి. అప్పటికీ దొరక్కపోతే "దొరకలేదు" అని రాయాలి, పక్కింటితో పూడ్చకూడదు. దొరకనివి ఎన్ని అనేదీ రిపోర్టులో ఉండాలి.

రెండు వందల ఇళ్ళు చాలా అంటే చాలా పనులకు చాలు. చీటీలు వేసి నిజాయితీగా ఎంచుకున్న రెండు వందల ఇళ్ళలో 20 శాతం ఇళ్ళలో జబ్బు ఉందని తేలితే, బస్తీ మొత్తం మీద అది దాదాపుగా 14 నుంచి 26 శాతం మధ్య ఉంటుందని చెప్పొచ్చు.

4. అడిగే తీరు

"నీళ్ళు బాగుంటాయా?" అని అడగకండి. ఒకరు అలవాటైపోయి బాగానే ఉన్నాయంటారు, ఇంకొకరు కోపంలో విషం అంటారు. జరిగినదాన్ని అడగండి.

నల్లా కిందటిసారి ఎప్పుడొచ్చింది? ఎంతసేపు? మొదటి బిందె నీళ్ళు ఏం చేశారు? తాగే నీళ్ళు దేంట్లో పోసిపెడతారు? దానికి మూత ఉందా (అడగకండి, చూడండి)? అందులోంచి గ్లాసు ముంచి తీస్తారా, వంచుకుంటారా?

ఆ మొదటి బిందె ప్రశ్నను ఒక అమ్మ దగ్గర నేర్చుకున్నాను. "మొదటి రెండు బిందెలు బట్టలకు, మూడోది అంట్లకు, నాలుగోది తాగడానికి పడతా" అంది. ఎందుకని ఆమె ఎవరికీ వివరించలేదు, ఎవరూ అడగలేదు. మోరీలోంచి పైపులోకి చేరిన మురుగంతా సప్లై మొదలవగానే ముందుగా వచ్చేస్తుందని ఆమె చేతులకు తెలుసు. అదే గల్లీలో కొత్తగా కిరాయికొచ్చిన కుటుంబం మొదటి బిందే తాగడానికి పడుతోంది, ఆలస్యమైతే నీళ్ళు ఆగిపోతాయన్న భయంతో.

ప్రశ్నలు నీళ్ళు పట్టేవాళ్ళను అడగాలి. సాధారణంగా అది ఇంటి ఆడవాళ్ళు, బడికెళ్ళే ఆడపిల్లలు. తలుపు దగ్గర మగవాళ్ళు ముందుకొచ్చి జవాబు చెబుతుంటే వినండి, తర్వాత "నీళ్ళు పట్టేది ఎవరన్నా?" అని మెల్లగా అడగండి.

జబ్బు అడిగేటప్పుడు మూడు సంగతులు. ఒకటి, మాట. విరేచనాలు అంటే కొందరికి అందదు. మోషన్లు, కడుపు ఖరాబవడం, బేదులు, పాతబస్తీలో దస్త్, ఎక్కడ ఏ మాట వాడతారో ముందే పదిళ్ళలో అడిగి తెలుసుకుని ఆ మాటే కాగితం మీద రాసుకోండి. రెండు, నిర్వచనం. ఒక్క రోజులో మూడుసార్లు లేదా అంతకు మించి నీళ్ళలా వెళ్తేనే లెక్క. ప్రపంచ ఆరోగ్య సంస్థ కొలమానం అదే. తల్లిపాలు తాగే పసిపిల్లలు ఎక్కువసార్లు మెత్తగా వెళ్ళడం మామూలే, దాన్ని కలపకండి. మూడు, గడువు. గత రెండు వారాలు మాత్రమే. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలోనూ ఇదే గడువు. "ఈ మధ్య" అంటే ఒకరికి నిన్న, ఇంకొకరికి ఉగాది. తేదీ గుర్తుండదు కాబట్టి పండగను పట్టుకోండి: "బోనాల ఆదివారం నుంచి ఇవాళ్టిదాకా."

ఇంట్లో ఐదేళ్ళ లోపు పిల్లలు ఎంతమందో ముందు రాయండి, వాళ్ళలో ఎంతమందికి వచ్చిందో తర్వాత రాయండి. మొదటి అంకె మరిచారంటే రెండోది పనికిరాదు.

మొత్తం పన్నెండు, పదిహేను ప్రశ్నలు దాటొద్దు. ఫోన్లో రాయాలనుకుంటే కోబో టూల్‌బాక్స్ అనే ఉచిత సాధనం ఉంది, తెలుగులో ప్రశ్నలు పెట్టుకోవచ్చు, నెట్ లేకపోయినా నడుస్తుంది. కాగితమైనా తక్కువేం కాదు. ఏదైనా సరే, ముందు పదిళ్ళలో ప్రయత్నించి, తికమకపెట్టిన ప్రశ్నలు మార్చి, అప్పుడు మొదలుపెట్టండి. ఆ పదిళ్ళ జవాబులు అసలు లెక్కలో కలపొద్దు.

5. గడప దగ్గర

బస్తీలో సర్వే అనగానే మొదటి మాట "ఇళ్ళు తీసేస్తారా?" అనే. పట్టా లేనివాళ్ళకు ఆ భయం ఉత్తది కాదు. కాబట్టి మొదటి వాక్యంలోనే చెప్పాలి: మేం ఫలానా, ఇదే బస్తీవాళ్ళం, నీళ్ళ గురించి అడుగుతున్నాం, ప్రభుత్వం పంపలేదు, పథకాలేమీ రావు, ఇష్టం లేకపోతే చెప్పక్కర్లేదు, మధ్యలో ఆపేయొచ్చు. పథకం వస్తుందని ఆశ పెట్టకండి. ఆశ పెట్టిన చోట జవాబులు పథకానికి తగ్గట్టు మారతాయి. పైగా అది మోసం.

పేరు, ఫోన్ నంబరు, ఆధార్ అడగకండి. ఇంటికి మీరే ఒక నంబరు ఇచ్చుకోండి. ఏ నంబరు ఏ ఇల్లో చెప్పే జాబితా ఒక్కరి దగ్గరే, వేరే పుస్తకంలో ఉండాలి. ఫొటోలు పైపులకు, మోరీలకు, మనుషులకు కాదు.

సర్వే చేస్తుండగా కళ్ళు లోతుకుపోయి, నీరసంగా పడుకున్న బిడ్డ కనిపిస్తే ప్రశ్నలు పక్కన పెట్టేయండి. ఓఆర్ఎస్ కలిపి పట్టిస్తూ వెంటనే దవాఖానాకు తీసుకెళ్ళాలి. ప్రతి సంచీలో నాలుగు ఓఆర్ఎస్ ప్యాకెట్లు ఉండాల్సిందే.

6. నీళ్ళ పరీక్ష

అన్నిళ్ళ నీళ్ళూ పరీక్ష చేయించలేరు, అక్కర్లేదు. చార్టు మీద చుట్టిన చోట్లకు ముందొకటి, తర్వాత ఒకటి తీసుకోండి. ట్యాంకు దగ్గరి మొదటి నల్లా, ఎగువ గల్లీ మధ్య, దిగువ గల్లీ మధ్య, లైను చివరి ఇల్లు. అదే ఇంట్లో తాగే బిందెలోంచి కూడా ఒకటి. నల్లాలో బాగుండి బిందెలో పాడైతే దారి వేరు, నల్లాలోనే పాడైతే దారి వేరు.

అన్నిటికంటే తేలికైనది క్లోరిన్ పరీక్ష. సూక్ష్మజీవులను చంపడానికి సప్లై నీళ్ళలో కలిపే మందే క్లోరిన్. క్లోరోస్కోప్ అనే చిన్న పరీక్ష కిట్టులో నల్లా నీళ్ళు పట్టి చుక్కలు వేస్తే పసుపు తిరుగుతుంది, రంగును పక్కనున్న పట్టీతో పోల్చాలి. నల్లా దగ్గరే, పట్టిన వెంటనే చూడాలి. నీళ్ళు ఇంటికి చేరేసరికి లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలి. ఎగువ గల్లీలో పసుపు బాగా వచ్చి దిగువ గల్లీలో అస్సలు రాకపోతే జాగ్రత్తపడండి. మధ్య దారిలో ఏదో ఆ క్లోరిన్‌ను తినేస్తోంది. చాలాసార్లు ఆ ఏదో మురుగే. పైసా పెద్దగా ఖర్చు లేని ఈ పరీక్షతో, లీకు ఏ రెండిళ్ళ మధ్య ఉందో పట్టుకున్న రోజులున్నాయి.

రెండోది, హైడ్రోజన్ సల్ఫైడ్ సీసా, అంటే లోపల పరీక్ష మందు ఉన్న చిన్న సీసా. నీళ్ళు గీత దాకా పోసి మూతపెట్టి గది వేడిలో ఉంచితే, మలం కలిసిన నీళ్ళయితే ఒకటి రెండు రోజుల్లో నల్లబడుతుంది. ఇది అనుమానానికి సరిపోతుంది. రుజువుకు ల్యాబు కావాలి.

ల్యాబుకు పంపేటప్పుడు చాలామంది బోల్తా పడేది ఇక్కడే. సూక్ష్మజీవుల పరీక్షకు ల్యాబువాళ్ళు ఇచ్చిన శుద్ధిచేసిన సీసానే వాడాలి. అందులో కొంచెం మందు ఉంటుంది, నీళ్ళలోని క్లోరిన్‌ను అక్కడికక్కడ ఆపడానికి. కడిగారంటే ఆ మందు పోతుంది. నల్లా మూతిని తుడిచి, రెండు నిమిషాలు నీళ్ళు వదిలి, సీసా లోపలికీ మూత లోపలికీ వేలు తగలకుండా పట్టి, ఐసు డబ్బాలో పెట్టి అదే రోజు చేర్చాలి. ఫ్లోరైడ్, నైట్రేట్ లాంటి రసాయన పరీక్షలకైతే అందుకు పూర్తిగా విరుద్ధం: ప్లాస్టిక్ సీసాను అవే నీళ్ళతో రెండు మూడుసార్లు తొలిచి నింపాలి. కూల్‌డ్రింకు సీసాలో పట్టుకెళ్ళిన నీళ్ళకు వచ్చిన రిపోర్టును ఎవరూ నమ్మరు, నమ్మకూడదు కూడా. సీసా మీద నంబరు, తేదీ, టైము, నల్లా మొదలైన ఎన్ని నిమిషాలకు పట్టారో రాయండి. ఆ చివరిది ఎవరూ రాయరు, దానివల్లే సగం సంగతి తెలుస్తుంది.

ఎక్కడ చేయిస్తారంటే, పల్లెల్లో గ్రామీణ నీటి సరఫరా విభాగం ల్యాబులున్నాయి, హైదరాబాద్‌లో నారాయణగూడలో ఐపీఎం (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్) ఉంది. జల్ జీవన్ మిషన్ కింద ఊరికి ఐదుగురు ఆడవాళ్ళకు నీళ్ళ పరీక్ష కిట్టు మీద శిక్షణ ఇవ్వాలని ఉంది. మీ ఊళ్ళో వాళ్ళెవరో కనుక్కుని బృందంలో కలుపుకోండి. రిపోర్టు వచ్చాక పోల్చుకోవడానికి మన దేశపు తాగునీటి ప్రమాణాలు (ఐఎస్ 10500) ఇవి: 100 మిల్లీలీటర్లలో ఇ. కొలై (మలంలో ఉండే సూక్ష్మజీవి) ఒక్కటీ ఉండకూడదు. లీటరుకు నైట్రేట్ 45 మిల్లీగ్రాములు మించకూడదు. ఫ్లోరైడ్ 1 దాకా మంచిది, వేరే నీళ్ళు దొరకని చోట 1.5 దాకా.

7. జబ్బు రానివాళ్ళ దగ్గరికి వెళ్ళండి

ఇది చాలామంది వదిలేసే అడుగు. జబ్బు వచ్చిన ఇళ్ళనే అడిగితే అందరూ నల్లా నీళ్ళు తాగామనే చెబుతారు. రానివాళ్ళూ తాగి ఉంటే?

1854లో లండన్‌లోని సోహోలో కలరా వచ్చి ఆరు వందల మందికి పైగా చనిపోయినప్పుడు జాన్ స్నో అనే డాక్టరు చేసింది ఇదే. బ్రాడ్ స్ట్రీట్ బోరింగు చుట్టూ చావులు గుర్తిస్తూ మ్యాపు గీశాడని అందరూ చెప్పుకుంటారు. నాకు అంతకంటే గొప్పగా అనిపించేది ఆయన చావులు లేని చోట్లకు వెళ్ళడం. ఆ బోరింగుకు దగ్గర్లోనే అనాథాశ్రమం లాంటి పెద్ద కట్టడంలో 535 మంది ఉంటే చనిపోయింది ఐదుగురే. వాళ్ళకు సొంత బావి ఉంది. అదే వీధిలోని బీరు కర్మాగారంలో డెబ్బై మందికి పైగా కూలీలుంటే కలరాతో ఒక్కరూ చనిపోలేదు. వాళ్ళకు బీరు ఊరికే ఇచ్చేవారు, లోపల బావి ఉండేది, వీధి బోరింగు జోలికే పోలేదు. సెప్టెంబర్ 8న ఆ బోరింగు పిడి తీయించారు. అప్పటికే కలరా తగ్గుముఖం పట్టిందన్నదీ నిజమే. ఆ సంగతి మీకు చివరి అడుగులో పనికొస్తుంది.

స్నో మాట మొదట నమ్మని హెన్రీ వైట్‌హెడ్ అనే చర్చి ఫాదర్ ఇంటింటికీ తిరిగి, స్నో చెప్పింది తప్పని చూపించబోయి, చివరికి మొదటి జబ్బు ఎక్కడ మొదలైందో తనే కనిపెట్టాడు. బోరింగు పక్కింట్లో జబ్బు చేసిన పసిబిడ్డ గుడ్డలు ఉతికిన నీళ్ళు పోసిన గుంత, బావికి మూడడుగుల దూరంలో ఉంది. ఆ వీధివాళ్ళతో ఏళ్ళ తరబడి పరిచయం ఉన్న మనిషి కాబట్టే తల్లి ఆ సంగతి చెప్పింది. మీ బృందంలో అలాంటివాళ్ళు, అంటే అంగన్‌వాడీ టీచరో, ఆశా వర్కరో, కిరాణా కొట్టు అక్కో, తప్పకుండా ఉండాలి.

8. లెక్క

ఇక్కడ అంకెలు ఊహించి చెబుతున్నాను. ఎగువ గల్లీలో పిల్లలున్న ఇళ్ళు 120, వాటిలో 15 ఇళ్ళలో విరేచనాలు. దిగువ గల్లీలో పిల్లలున్న ఇళ్ళు 40, వాటిలో 12. ఉత్త సంఖ్య చూస్తే ఎగువ గల్లీలోనే ఎక్కువ. వందకు ఎన్ని అని చూస్తే ఎగువన 12.5, దిగువన 30. బస్తీకి కొత్త పైపు ఎక్కడ ముందు వేయాలో ఈ రెండో వరస చెబుతుంది.

తర్వాత మీ లెక్కను మీరే అనుమానించండి. దిగువ గల్లీవాళ్ళు పేదవాళ్ళు కూడా కదా, జబ్బు నీళ్ళవల్లా, మరుగుదొడ్డి లేకనా, తిండి చాలకనా? రెండు గల్లీల్లోనూ మరుగుదొడ్డి ఉన్న ఇళ్ళను మాత్రమే విడిగా తీసి మళ్ళీ పోల్చండి. తేడా అప్పటికీ ఉంటే నీళ్ళ మీద అనుమానం గట్టిపడుతుంది. క్యాన్ నీళ్ళు కొనేవాళ్ళకు జబ్బు తక్కువని తేలినా, డబ్బున్నవాళ్ళే క్యాన్ కొంటారన్నది మరవకండి.

ఉద్దానం సంగతి ఇక్కడ గుర్తుంచుకోవాలి. శ్రీకాకుళం జిల్లా కవిటి, సోంపేట, కంచిలి వైపు కొబ్బరి, జీడితోటల పల్లెల్లో కిడ్నీ జబ్బు ఏళ్ళుగా కుటుంబాలను పీల్చేస్తోంది. ఎన్నో పరిశోధనలు జరిగాక కూడా దానికి కారణం ఇదీ అని తేలలేదు. నీళ్ళు, ఎండలో పని, మందులు, ఇంకా చాలా అనుమానాలున్నాయి. మూడు వారాల సర్వేతో "కారణం ఇదే" అని మనం రాయకూడదు. "ఈ గల్లీలో ఇన్ని, ఆ గల్లీలో అన్ని, మధ్యలో ఈ పైపు" అని రాస్తే చాలు, అది ఎవరూ కాదనలేరు.

మెల్లగా వచ్చే జబ్బులైతే

ఫ్లోరైడ్ లాంటివాటికి రెండు వారాల గడువు పనికిరాదు. నీళ్ళలో ఫ్లోరైడ్ ఎక్కువై పళ్ళు, ఎముకలు పాడయ్యే జబ్బు ఫ్లోరోసిస్. మన దేశంలో దాన్ని మొదట గుర్తించి రాసింది 1937లో, అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలోని నెల్లూరు జిల్లాలో. ఇక్కడ అడగాల్సిన ముఖ్యమైన ప్రశ్న: "మీ చిన్నతనం ఎక్కడ గడిచింది?" శాశ్వత దంతాల పైపొర ఎనిమిదేళ్ళ లోపే చాలావరకు తయారవుతుంది. ఆ వయసులో తాగిన నీళ్ళే పళ్ళ మీద గోధుమరంగు చారలు వేస్తాయి. నల్లగొండ వైపు ఒక ఇంట్లో అత్త పళ్ళు చారలతో ఉంటే, కోడలి పళ్ళు తెల్లగా ఉన్నాయి. "చూశావా, ఇప్పుడు నీళ్ళు మంచివయ్యాయి" అన్నాడు మాతో వచ్చిన కుర్రవాడు. కోడలు ఆ ఊరికొచ్చి నాలుగేళ్ళే. ఆమె పళ్ళు చెప్పేది పుట్టింటి నీళ్ళ కథ. ఊరి నీళ్ళ సంగతి తెలియాలంటే అదే ఊళ్ళో పుట్టి పెరిగిన ఎనిమిది నుంచి పన్నెండేళ్ళ బడిపిల్లల పళ్ళు చూడాలి, బడి ఒప్పుకుంటే, తల్లిదండ్రులు ఒప్పుకుంటే.

దోమలకైతే లెక్క ఇంకా సులువు. చూసిన వంద ఇళ్ళలో ఎన్నింటి డ్రమ్ముల్లో, సంపుల్లో, కూలర్లలో పురుగులు కదులుతున్నాయో వారంవారం రాసుకుంటే చాలు. రేకుల ఇళ్ళ వేడికి మధ్యాహ్నం రెండింటికీ రాత్రి పదింటికీ గది లోపల థర్మామీటరు చూడండి.

9. ముందు బస్తీకి, తర్వాత ఆఫీసుకు

లెక్క తేలగానే ఆఫీసుకు పరుగెత్తకండి. ముందు చెప్పినవాళ్ళకు చూపించాలి. పెద్ద చార్టు గోడకు కట్టి, ఆదివారం సాయంత్రం అందరినీ పిలవండి. ఏ ఇంట్లో జబ్బో తెలిసేలా మ్యాపు ఉండకూడదు, గల్లీల వారీగానే రంగు వేయండి. తప్పులు అక్కడే బయటపడతాయి. ఒకచోట ఒక ముసలాయన లేచి "ఆ పైపు పోయినేడు మార్చారు, మీరు పాతది గీశారు" అన్నాడు. ఆయన అనకపోతే ఆఫీసులో అనేవారు, కాగితం అక్కడే పక్కన పెట్టేసేవారు.

ఆ రోజే ఇంట్లో చేసుకోగలిగినవి కూడా చెప్పండి. మొదటి బిందెలు తాగడానికి వద్దు, నీళ్ళు బాగా మరిగించి చల్లార్చి తాగాలి, బిందెకు మూత, కాడ ఉన్న గరిటె. పైపు మారేదాకా పిల్లలు ఆగరు.

అర్జీ ఒక్క పేజీ. ఎంతమందిలో ఎంతమంది, రెండు గల్లీలకూ. క్లోరిన్ ఎక్కడ ఉంది, ఎక్కడ లేదు. ల్యాబు రిపోర్టు, మ్యాపు, మోరీలో పైపు ఫొటో వెనక జత చేయండి. చివర ఒక్క కోరిక, కొలవగలిగేది: "ఫలానా చోటు నుంచి ఫలానా చోటు దాకా ఇన్ని మీటర్ల పైపు మోరీలోంచి తీసి పైకి వేయాలి." ఇంజనీరుకు అర్థమయ్యే భాష అదే. ఇన్‌వర్డ్ నంబరు వేయించుకుని, మీ కాపీ మీద ముద్ర తీసుకోండి. తెలంగాణలో సోమవారం కలెక్టరేట్ ప్రజావాణిలో కూడా అదే కాగితం ఇవ్వండి. కదలిక లేకపోతే 2005 సమాచార హక్కు చట్టం కింద "మా అర్జీ ఫలానా నంబరు మీద ఏం చర్య తీసుకున్నారు?" అని అడగండి. 30 రోజుల్లో జవాబివ్వాలి.

10. మళ్ళీ వెళ్ళండి

పైపు మారాక అవే ఇళ్ళకు, అవే ప్రశ్నలతో వెళ్ళాలి. ఎప్పుడు వెళ్ళాలన్నదే చిక్కు. వానాకాలంలో మొదటి సర్వే చేసి చలికాలంలో రెండోది చేస్తే జబ్బులు ఎలాగూ తగ్గి ఉంటాయి. బోరింగు పిడి తీసేసరికే కలరా తగ్గుతున్నట్టు. రెండు దారులున్నాయి. ఒకటి, వచ్చే వానాకాలంలో అదే నెలలో మళ్ళీ చేయడం. రెండోది, ఇప్పుడే రెండు గల్లీలూ చేయడం: దిగువన 30 నుంచి 10కి, ఎగువన 12.5 నుంచి 10కి వచ్చిందంటే, కాలంవల్ల తగ్గింది కొంచెమే, మిగతాది పైపువల్ల అని చూపించొచ్చు. వీలైతే రెండూ చేయండి. క్లోరిన్ మాత్రం నెలకోసారి చివరి ఇంటి నల్లా దగ్గర చూసి, తేదీ వేసి, అంగన్‌వాడీలో పెట్టిన నోటు పుస్తకంలో రాస్తూ ఉండండి. ఆ పని ఎవరిదో, వాళ్ళు ఊళ్ళో లేనప్పుడు ఎవరిదో, రెండు పేర్లూ పుస్తకం మొదటి పేజీలో ఉండాలి.